అలమేలమ్మ ఇంట్లో మనుషులు సున్నా

ఈ మాట ఇంతవరకు నేనెవరికీ చెప్పలేదు. ఉప్పళంలో ఒక నిండు కుటుంబాన్ని, చంటిబిడ్డతో సహా, పట్టపగలు, హారతి పళ్లెం ఇంకా వెచ్చగా ఉండగానే, ఒక్క బటన్ నొక్కి నేను లేకుండా చేశాను. తెలియక చేసిందిలే పాపం అని అక్కడున్న వాళ్లంతా అనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను. నిజమేమిటంటే, నొక్కడానికి ముందే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసీ నొక్కాను. నొక్కకుండా ఉండాలంటే పదిమంది ముందు నోరు తెరిచి నాలుగు మాటలు చెప్పాలి. ఆ వయసులో నాకు నాలుగు మాటలు చెప్పడం కంటే ఒక కుటుంబాన్ని తుడిచిపెట్టడమే తేలిక.

కంగారు పడకండి, ఎవరూ చావలేదు. అందరూ ఆ పూట పాయసం కూడా తాగారు. కానీ పాయసం దాకా రావడానికి చాలా జరిగింది.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. మాది ముదలియార్‌పేట, ఉప్పళం ఉన్న తమిళ ఊరే. నాన్నకు మిల్లులో పని. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేది తమిళం, భయపడేది ఇంగ్లీషుకు. మా వీధిలో తెలుగు అక్షరం చదవగలిగిన వాళ్లు లేరు. యానాం నుంచి బదిలీ మీద వచ్చి పక్క వాటాలో దిగిన ఒక గుమాస్తాగారి భార్య నాకు అక్షరాలు నేర్పి, తన ట్రంకుపెట్టెలోని నవలలన్నీ వరసగా ఇచ్చింది. అప్పటి నుంచి డైరీ తెలుగులోనే రాస్తున్నాను. దానికి తాళం అక్కరలేదు. ఉప్పు జాడీ పక్కన తెరిచి పెట్టినా మా అమ్మ దాన్ని వేడి గిన్నె కింద పెట్టుకుంటుందే తప్ప చదవలేదు. నేను నోటితో అనాల్సినవన్నీ ఆ డైరీలోనే అనేదాన్ని. బయట నా సంగతి వేరు. బస్సులో “ఉప్పళం ఒకటి” అనడానికి మనసులో రెండుసార్లు అనుకుని చూసుకునేదాన్ని. మూడోసారి పైకి అనేలోపు ఉప్పళం వెళ్లిపోయేది.

ఆ ఉప్పళంలోనే గోవిందసామి మాస్టరు టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. నేను అక్కడే ఇంగ్లీషు టైపు హయ్యర్ పరీక్ష పాసయ్యాను. ఒకరోజు మాస్టరు మద్రాసు వెళ్లి, ఎవరో వాడి వదిలించుకున్న కంప్యూటరు ఒకటి తెచ్చాడు. అంటే ఒక కీబోర్డు, దానికి తగిలించడానికి ఒక పాత టీవీ, ఒక స్టెబిలైజరు, ఒక లావు పుస్తకం. ఇక టైపు మిషన్లకు కాలం చెల్లిందని ప్రకటించి, పుస్తకం మాత్రం నా చేతిలో పెట్టాడు. దాన్ని నేను నవల చదివినట్టే చదివాను. రెండు వారాల్లో అయిపోయింది. నాయకుడు లేడన్న లోటు తప్ప బాగానే ఉంది.

కింద గదిలో టైపు మిషన్లే ఒకదాని మోకాళ్ల మీద ఇంకోటి కూర్చున్నట్టు ఉండేవి. కంప్యూటరుకు మేడ మీద గది కావాలి. మేడా, కింది గదీ, వెనక ఉన్న ఇల్లూ అన్నీ అలమేలమ్మవి. ఆ పెట్టె ఏం చేస్తుందో కళ్లతో చూశాకే గది ఇవ్వాలో వద్దో చెప్తానని ఆమె అంది. ఇస్తే పొద్దున పూట ఆడపిల్లల బ్యాచి మొదలవుతుంది, దానికి టీచరు నేనే అని మాస్టరు మాట ఇచ్చాడు. ఇవ్వకపోతే నేను ఒకటో తారీకు నుంచి మూలకుళంలో మా మామ చాక్‌పీసుల కంపెనీకి పోవాలి. అక్కడ నా ఉద్యోగం అట్టపెట్టెల మీద అంటించే చీటీలు టైపు చేయడం. చీటీల మీద రెండే మాటలు. తెల్లవి, రంగువి. లావు పుస్తకం మొత్తం చదివిన మనిషికి అది ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అలమేలమ్మకు ఏం చూపించాలన్నది ప్రశ్న. పుస్తకంలో ఉన్నవి వృత్తాల వైశాల్యాలు. ఆమెకు వృత్తాలతో పని లేదు. ఇంట్లో వాళ్ల వయసులు ఒక్కొక్కటిగా చెబితే, మొత్తం ఎంతమందో, అందరిలో చిన్న వయసెంతో, పెద్ద వయసెంతో, సగటు ఎంతో పెట్టె చెప్పేలా చేస్తానని మాస్టరుతో అన్నాను. అన్నాను అంటే, కాగితం మీద రాసి, ఆయన టీకి వెళ్లినప్పుడు బల్ల మీద పెట్టాను.

పుస్తకం పద్ధతిలో మొదటి ప్రశ్న, ఎంతమంది అని. ఆ అంకె చెబితే పెట్టె అన్నిసార్లు వయసు అడిగి ఊరుకుంటుంది. మాస్టరు కాగితం చదివి కళ్లద్దాలు తీశాడు.

“ఏందమ్మా ఇది. ఇంట్లో తలలు లెక్కపెట్టి చెప్పమంటావా ఆయమ్మను?”

“పుస్తకంలో అట్లే ఉంది సార్.”

“పుస్తకం రాసినోడికి దిష్టి తగిలేంత సంసారం ఉండదు. ఆయమ్మ కోళ్లను కూడా లెక్కపెట్టనీదు. మనుషుల్ని లెక్కపెట్టమంటే మనల్ని మెట్లు ఎక్కనీదు.”

“చివర్లో పెట్టె చెప్తుంది గదా సార్, ఎంతమందో.”

“పెట్టె లెక్కపెడితే దిష్టి పెట్టెకే. మనిషి నోట్లోంచి రాకూడదు, అంతే.”

అందుకని ఎంతమందో తెలియకుండానే పెట్టె అడుగుతూ పోవాలి. అలాగైతే ఎప్పుడు ఆగాలి? అతిథులు ఎందరో తెలియకుండా పొయ్యి వెలిగించిన ఇల్లాలి కష్టం దానిది. దీనికీ పుస్తకంలో ఒక దారి ఉంది. ఎవరికీ ఉండని వయసు ఒకటి ముందే అనుకోవాలి. అందరి వయసులూ అయిపోయాక ఆ అంకె కొడితే, ఓహో, జాబితా ముగిసింది అని పెట్టె గ్రహిస్తుంది. మైనస్ ఒకటి పెట్టుకోమని పుస్తకం సలహా. ఒక కుటుంబం వివరాల చివర మైనస్ గుర్తు వేయడం నాకే బాగనిపించలేదు. రెండు రోజులు ఆలోచించి సున్నా పెట్టాను. సున్నా వయసు మనిషి ఈ లోకంలో ఉండడు, ఉంటే వాడింకా పుట్టలేదని అర్థం. ఇది నా సొంత వాక్యం. డైరీలో రాసి కింద గీత కూడా గీశాను. ఆ పేజీ ఇప్పుడు తెరిస్తే చెవులు కాలతాయి.

మా ఇంటి వాళ్లతో పరీక్ష చేశాను. నాన్న, అమ్మ, నేను, పదిహేనేళ్ల చెల్లెలు, తర్వాత సున్నా. పెట్టె నలుగురని చెప్పింది. ఆ నలుగురిలో ఒక మేధావి ఉందని మాత్రం చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను.

అలమేలమ్మ మంచి రోజు చూసింది. మంచి రోజంటే అన్నిటికీ మంచి రోజే కాబట్టి, కాన్పుకు పుట్టింటికెళ్లిన కోడలు సరోజను కూడా అదే పొద్దున బిడ్డతో పిలిపించుకుంది. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనెవరినైనా అడిగితే కదా.

మేడ మీద టీవీకి మూడు పట్టీల చందనం, నడుమ కుంకుమబొట్టు, పైన మల్లెదండ. దండ అద్దం మీదికి జారి మొదటి వరస అక్షరాలు పూల వెనక పడ్డాయి. తొలగించమని అడగడం నా వల్ల కాలేదు. అలమేలమ్మ ఎదురుగా పీట మీద కూర్చుంది. ఆమె కొడుకులిద్దరూ గోడకానుకుని నిలబడ్డారు. సరోజ ఒళ్లో బిడ్డ. తలుపు వెనక పేము కుర్చీలో అలమేలమ్మ అత్తగారు. ఆమెను అందరూ అవ్వ అనేవాళ్లు. కుర్చీలో సగం కూడా నిండని మనిషి. కళ్లు మూసుకుని ఉంది. పక్కింటి వాళ్లు ముగ్గురు గడప దగ్గర. నేను కీబోర్డు ముందు.

మాస్టరు గొంతు సవరించుకుని, ముందు ఎవరి వయసు వెయ్యాలని అడిగాడు.

“ఇంకెవరిది” అంది అలమేలమ్మ. “మా ఆయన పేరు పెట్టుకొని ఇంటికొచ్చినాడు గదా, వీడిదే ముందు. మూడో నెల.”

మాస్టరు వెనక నుంచి వంగి, సాయం చేస్తున్నాననుకుంటూ చెప్పాడు.

“సంవత్సరాల్లో గదమ్మా అడిగేది. మూడు కొట్టావంటే మూడేండ్లయిపోతుంది. సున్నా వెయ్యి.”

“సార్” అన్నాను.

“ఏంది?”

ఇదే ఆ క్షణం. సున్నా కొడితే ఏమవుతుందో ఆ గదిలో తెలిసిన మనిషి నేనొక్కదాన్నే. చెప్పాల్సిన వాక్యం నాలుక మీదికి వచ్చింది, పళ్ల దాకా వచ్చింది, పదిమందిని చూసి వెనక్కి వెళ్లిపోయింది. దాని బదులు ఇంకోటి బయటపడింది.

“ఒకటి వేస్తే?”

“పాలు తాగే బిడ్డకు వయసు కలపకూడదు పాపా” అంది అలమేలమ్మ. “ఆయుస్సుకు మంచిది కాదు. ఉండేదే వెయ్యి.”

నేను చదివిన నవలల్లో ఇలాంటి చోట నాయిక తలెత్తి నిజం చెబుతుంది. నేను తలొంచి సున్నా కొట్టాను.

పెట్టె తన పని తాను చేసింది. మొదటి అంకెకే జాబితా ముగిసిందనుకుంది. ఇంతవరకు ఎందరొచ్చారని చూసుకుంటే ఎవరూ రాలేదు. ఆ మాటే తెర మీద పెట్టింది. ఆ పైన సగటు తీయడానికి సున్నాతో భాగించబోయి, తప్పు తప్పు అని ఇంగ్లీషులో అరిచి ఆగిపోయింది. సరోజ పదో తరగతి దాకా చదివింది. బడిలో స్పష్టంగా చదివినందుకు బహుమతి తెచ్చుకున్న మనిషి కాబోలు, మల్లెపూల సందులోంచి చూసి, గడప అవతలికి కూడా వినపడేట్టు తెలుగు చేసి చదివింది.

“ఇంట్లో మనుషులు... సున్నా.”

“ఏంది?” అంది అలమేలమ్మ.

“సున్నా అత్తా. ఎవరూ లేరంట.”

హారతి ఇచ్చిన గదిలో ఆ మాట ఎలా ఉంటుందో నేను చెప్పక్కరలేదు. గడప దగ్గర ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అందరి తరఫునా బిడ్డ ఒక్కడే గట్టిగా అభ్యంతరం చెప్పాడు.

మాస్టరు తొణకలేదు. నేరుగా స్టెబిలైజరు దగ్గరికి వెళ్లి, దాని ముల్లు చూసి, దాని నెత్తిన ఒకటి వేశాడు.

“ఓల్టేజి” అన్నాడు. “ఓల్టేజి దిగిపోతే దీనికి మనుషులు ఆనరు.”

“ఓల్టేజి దిగితే మా ఇంట్లో లైటూ మసకబారుతుంది మాస్టరూ. అది మమ్మల్ని లేరని చెప్పదు గదా.”

“కొత్త పెట్టె గదమ్మా. బెదిరింది.”

అలమేలమ్మ టీవీ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. రెండూ ఒకే రకంగా మూగగా ఉన్నాయి. ఇంకొక్కసారి చూస్తానని, ఈసారి కూడా మమ్మల్ని లేకుండా చేస్తే పెట్టె మేడ దిగాలని చెప్పింది. నా ముందు చాక్‌పీసుల కంపెనీ కనపడింది. తెల్లవి, రంగువి.

నాకు దొరికింది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో గది కలియజూశాను. సున్నా కుదరదు. ఒకటీ రెండూ కూడా కుదరవు, ఇంకే గదిలో ఇంకెంతమంది చంటిపిల్లలున్నారో. కాబట్టి ఈసారి కింది నుంచి కాదు, పై నుంచి రావాలి. ఎవరూ అందుకోలేనంత ఎత్తులో ఉండాలి. సున్నా తీసేసి ఆ చోట తొంభై తొమ్మిది పెట్టాను. అవ్వ వైపు చూశాను కూడా. ఎనభై ఉంటాయనుకున్నాను. అడగలేదు. ఇది రెండోసారి అడక్కపోవడం. దయచేసి గుర్తుపెట్టుకోండి.

మళ్లీ మొదలుపెట్టాం. బిడ్డకు సున్నా. పెట్టె ఆగకుండా తర్వాతి వయసు అడిగింది. అంతా ఊపిరి వదిలారు. సరోజకు ఇరవై మూడు. ఆమె భర్తకు ముప్పై. మరిదికి ఇరవై ఆరు. అలమేలమ్మ తనకు అరవై అని కొంచెం తగ్గించి చెప్పిందని నా అనుమానం, కానీ అది పెట్టెకూ నాకూ అనవసరం. నా వేళ్లు టైపు పరీక్షలో కూడా అంత హుషారుగా ఆడలేదు. మాస్టరు స్టెబిలైజరు మీద చెయ్యి వేసి, అంతా తానే నడిపిస్తున్నట్టు నిలబడ్డాడు.

“ఇంక అవ్వది” అన్నాడు. “అవ్వకు ఎంతమ్మా?”

“తొంభై తొమ్మిది” అంది అలమేలమ్మ, ఎక్కం అప్పజెప్పినట్టు, ఒక్క క్షణం ఆలోచించకుండా.

మీరు నవ్వుతున్నారు. నేను నవ్వలేదు. మొదటిసారైనా చెప్పడానికి నా దగ్గర ఒక వాక్యం ఉండింది. ఈసారి అదీ లేదు. నూట పదకొండో, తొమ్మిది వందలో పెట్టి ఉండొచ్చు కదా అని నా బుర్ర నన్ను అడుగుతోంది. ఇంత మంచి సలహా ముందే ఇవ్వని బుర్రతో ఏం మాట్లాడతాం. మాస్టరు వెయ్యమన్నాడు. వేశాను.

సరోజ చదివింది. “మనుషులు అయిదు. చిన్న వయసు సున్నా. పెద్ద వయసు అరవై. సగటు ఇరవై ఏడు పాయింటు ఎనిమిది.”

“ఇరవై ఏడూ చిల్లర ఎవరికి మన ఇంట్లో?” అని అలమేలమ్మ అడిగింది. అది అందరి వయసూ కలిపి పంచినది అని మాస్టరు చెప్పాడు. వయసును పంచుకునేదేంది, పాయసమా అని చిన్న కొడుకు అన్నాడు. పక్కింటి వాళ్లు నవ్వారు. గది తేలికపడింది. గండం గడిచిందని నేను కూడా నమ్మబోయాను. అప్పుడు పేము కుర్చీ కిర్రుమంది.

“పెద్ద వయసు అరవైయా?” అంది అవ్వ. కళ్లు పూర్తిగా తెరిచి ఉన్నాయి. “మరి నేను?”

అవ్వ కోడలి వైపు తిరిగింది.

“నలభై ఏండ్లుగా నీతో కాని పని, ఈ పెట్టె ఒక్క నిమిషంలో చేసేసింది గదమ్మే అలమేలూ.”

అలమేలమ్మ ముఖం చూడాల్సింది. పక్కింటి వాళ్లున్నారు, కొడుకులున్నారు. అత్తను జాబితాలోంచి కొట్టేయించిన కోడలిగా ఊళ్లో పేరు పడడానికి ఉప్పళంలో ఒక పూట చాలు.

“నేను చెప్పినా గదత్తా, తొంభై తొమ్మిదని. అందరూ విన్నారు గదా.”

మాస్టరు చెయ్యి మళ్లీ స్టెబిలైజరు మీదికి లేచింది.

“దాన్ని కొట్టొద్దు నాయనా” అంది అవ్వ. “అదేం చేసింది. రాసింది ఆ పాప గదా, పాపను అడుగు.”

అందరూ నా వైపు తిరిగారు. బిడ్డ కూడా. ఇక దాక్కోవడానికి కీబోర్డు తప్ప ఏమీ లేదు, అది జానెడు. నేను నేలతో మాట్లాడాను. పెట్టెకు యాడ ఆపాలో తెలియదని, ఆపమని చెప్పడానికి ఒక అంకె కావాలని, ముందు సున్నా పెట్టానని, ఇప్పుడు తొంభై తొమ్మిది పెట్టానని, ఆ వయసు వాళ్లు ఉండరనుకున్నానని చెప్పాను. నా జన్మలో అప్పటిదాకా ఒకేసారి అన్ని మాటలు మాట్లాడలేదు. మాస్టరు చల్లగా స్టెబిలైజరుకు దూరంగా జరిగాడు.

“ఉండరని ఎవరు చెప్పినారు? అడిగినావా?” అంది అవ్వ.

“లేదవ్వా.”

“బంతిలో ఎప్పుడైనా వడ్డించినావా?”

“వడ్డించినా.”

“సాంబారు ఎన్ని గరిటెలు కావాలని కూర్చోకముందే అడుగుతావా?”

“లేదు.”

“మరి ఆపాలని ఎట్ల తెలుస్తుంది?”

“ఇంకొంచెమా అని అడుగుతాం. చాలంటే ఆపేస్తాం.”

“నీ పెట్టెకు అది నేర్పలేదా?”

నేర్పలేదు. లావు పుస్తకంలో రెండు రోజులు వెతికి, ఎవరికీ ఉండని వయసు కోసం లోకమంతా గాలించాను గానీ, వయసుకు వయసే అడ్డం పెట్టనక్కరలేదని నాకు తట్టలేదు. చాలు అనే మాట సాంబారులో కలవదు. విడిగా ఉంటుంది. వేలిముద్ర వేసే ముసలమ్మ కూర్చున్న చోటు నుంచి కదలకుండా నా ప్రోగ్రాం సరిచేసింది. నేను మూడు వరసలు మార్చాను. ఒక్కో వయసు కాగానే, ఇంకా ఉన్నారా అని పెట్టె అడగాలి. అవునంటే ఒక అక్షరం, చాలంటే ఇంకో అక్షరం. అంకెల జోలికి పోకూడదు.

మూడోసారి. బిడ్డ దాటాడు, సరోజ దాటింది, కొడుకులిద్దరూ దాటారు, అలమేలమ్మ దాటింది, అవ్వ తొంభై తొమ్మిదితో నిక్షేపంగా దాటింది. ఇంకా ఉన్నారా అని పెట్టె అడిగింది. సరోజ చదివింది. అందరూ అలమేలమ్మ వైపు చూశారు. ఆమె పెదవులు బిగించింది.

“ఇంత మంచి పూట ఇంకెవరూ లేరని నా నోటితో అననా? మాస్టరుది వెయ్యి.”

మాస్టరుకు యాభై రెండు. వేశాను. ఇంకా ఉన్నారా అంది పెట్టె.

“నీది వెయ్యి” అంది అలమేలమ్మ.

“నాదా?”

“రేపటి నుంచి రోజూ పైన ఉండేది నువ్వే గదా. వెయ్యి.”

ఇరవై కొట్టడానికి నాకు రెండు బటన్లు కావాలి. రెండూ ఎక్కడున్నాయో కాసేపు కనపడలేదు. ఆ అంకె లోపలికి పోయాక పెట్టె మళ్లీ అడిగింది. అలమేలమ్మ గడప దగ్గరి వాళ్ల వైపు చూడడం మొదలుపెట్టింది. అలా వదిలేస్తే ఉప్పళం మొత్తం ఎక్కేది. అవ్వ అరచెయ్యి అడ్డం పెట్టి, చాలు అంది. మనుషులు ఎనిమిది, పెద్ద వయసు తొంభై తొమ్మిది అని సరోజ చదివింది. పాయసం వచ్చింది.

ఇంటికెళ్లగానే డైరీలో శపథం రాశాను. ఆర్. కస్తూరి అను నేను, నిండు మనసుతో, ఒక స్టెబిలైజరు సాక్షిగా ప్రమాణం చేయునది ఏమనగా, ఇకమీదట ఏ మనిషినీ అడక్కుండా ఈ లోకంలో ఉండడని తీర్మానించను, ఎవరి వయసునూ గోడగా కట్టి ఆ గోడ మీద ఉద్యోగం నిలబెట్టను, నాలుక మీదికి వచ్చిన వాక్యాన్ని పళ్ల దగ్గర ఆపను. కింద సంతకం, తేదీ. నాలుగేళ్లుగా మేడ మీద ఆడపిల్లలకు పాఠం చెబుతున్నాను. చివరిది తప్ప మిగతా రెండూ నిలబెట్టుకున్నాను.

శపథం పేజీలో ఒక సంగతి మాత్రం రాయలేదు. ఆ పూట అందరూ కిందికి దిగాక, వైర్లు చుడుతున్న నన్ను అవ్వ వేలితో పిలిచింది. కుర్చీ పక్కన వంగాను. కోడలు మెట్ల మీద లేదని చూసుకుని, నా చెవిలో చెప్పింది.

“నాకు నూట రెండు పాపా. నూరు దాటిందంటే దిష్టి అని మా కోడలు మూడేండ్లుగా నన్ను తొంభై తొమ్మిదిలోనే కూర్చోబెట్టింది. నీ పెట్టెకు చెప్పొద్దు.”